బల్ల మీది గదులు, గుహలు: మినియేచర్ ఆటల లోపలి కట్టడాలపై తరచుగా అడిగే ప్రశ్నలు

చిన్న బొమ్మలతో బల్ల మీద ఆడే మినియేచర్ ఆటల కోసం కొండలు, చెట్లు, శిథిల గోడలు చక్కగా చేయగలిగిన వాళ్లు కూడా ఒక భవనం లోపలికో, భూమి కిందికో ఆటను తీసుకెళ్లాలనుకోగానే తడబడతారు. చూడడానికి ముచ్చటగా ఉన్నా ఆడడానికి పనికిరాని గదులు ఎన్నో తయారవుతుంటాయి. కొత్తగా మొదలుపెట్టేవారు ఎక్కువగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు ఉన్నాయి.

మైదానంలో వాడే టెర్రైన్‌కూ (కొండలు, చెట్ల వంటి నమూనాలకూ) లోపలి కట్టడాలకూ తేడా ఏమిటి?

మైదానంలో ఖాళీ ముందే ఉంటుంది, అందులో మీరు అడ్డంకులు పెడతారు. లోపల అంతా అడ్డంకే, అందులోంచి మీరు ఖాళీని తొలుస్తారు. అందువల్ల గోడ ఎంత అందంగా వచ్చిందన్నది తర్వాతి మాట. రెండు గోడల మధ్య మిగిలిన చోట బొమ్మ నిలబడుతుందా, చేయి దూరుతుందా, బల్లకు అవతల కూర్చున్న ఆటగాడికి అది కనిపిస్తుందా అన్నవి ముందు తేల్చుకోవాలి. కింది జవాబులు చాలావరకు ఈ మూడింటి నుంచి వచ్చినవే.

ఏ కొలతతో మొదలుపెట్టాలి?

మీ ఆటలో లోపలికి రాబోయే అతి పెద్ద బేస్ (బొమ్మ కాళ్ల కింద ఉండే పళ్లెం) కొలతతో. సాధారణంగా మనిషి పరిమాణం బొమ్మలకు 25 లేదా 32 మి.మీ. గుండ్రని బేస్‌లు, పెద్ద జీవులకు 40 లేదా 50 మి.మీ. బేస్‌లు ఉంటాయి. 50 మి.మీ. బేస్ మీద ఉన్న రాక్షసుడు 45 మి.మీ. నడవాలో ఇరుక్కుపోతే ఆట అక్కడే ఆగిపోతుంది. ఆ బేస్‌ను కాగితంపై పెట్టి చుట్టూ గీత గీయండి. ప్రతి తలుపును, ప్రతి మలుపును ఆ వృత్తంతో సరిచూడండి.

నిజమైన ఇంటి కొలతలను స్కేలుకు తగ్గించి కడితే సరిపోదా?

సరిపోదు. లెక్క వేసి చూస్తే వెంటనే తెలుస్తుంది. సుమారు 28 మి.మీ. ఎత్తుండే బొమ్మలకు 1/56 స్కేలును, అంటే నిజమైన కొలతలో 56వ వంతును, చాలామంది ప్రమాణంగా తీసుకుంటారు. మామూలు ఇంట్లో 3 మీటర్ల వెడల్పు, 3.6 మీటర్ల పొడవు ఉన్న గది ఆ స్కేలులో సుమారు 54 × 64 మి.మీ. అవుతుంది. 25 మి.మీ. బేస్‌లైతే అందులో నాలుగు, 32 మి.మీ. బేస్‌లైతే రెండే పడతాయి. ఒక మంచం వేస్తే ఆ చోటు కూడా మిగలదు. 90 సెం.మీ. తలుపు 16 మి.మీ.కి కుదించుకుపోతుంది. ఏ బేసూ అందులోంచి వెళ్లదు.

బొమ్మ తన చుట్టూ ఒక పళ్లెమంత చోటును మోసుకు తిరుగుతుంది. నిజమైన మనిషికి ఆ అవసరం లేదు. కాబట్టి నేను పాటించే పద్ధతి ఇది: ఎత్తులను స్కేలు ప్రకారం ఉంచి, వెడల్పులను బేస్ ప్రకారం పెంచుతాను. గది పొడవు, వెడల్పు నిజమైన కొలతకు ఒకటిన్నర నుంచి రెండు రెట్లు ఉండాలి. తలుపు 40 నుంచి 45 మి.మీ. ఎత్తు, 35 నుంచి 40 మి.మీ. వెడల్పు ఉంటే 32 మి.మీ. బేస్ సులభంగా దాటుతుంది. కంటికి ఎత్తులు సరిగ్గా కనిపిస్తే వెడల్పుల్లోని అతిశయం పట్టుబడదు. కుర్చీ, బల్ల, పీపా మాత్రం స్కేలులోనే ఉండాలి, అవి పెద్దవైతే బొమ్మలు పిల్లల్లా కనిపిస్తాయి.

నడవా ఎంత వెడల్పు ఉండాలి?

ఇది ఆటకు సంబంధించిన నిర్ణయం. 32 మి.మీ. బేస్‌లకు 50 మి.మీ. నడవా పెడితే ఒకరి వెనుక ఒకరు నడవాలి. ముందున్న వాడు ఆగితే వెనుక అందరూ ఆగాలి. 75 మి.మీ. పెడితే ఇద్దరు పక్కపక్కన నిలబడి పోరాడగలరు. మొత్తం నక్షా 50 మి.మీ. నడవాలతో నింపితే కత్తి యుద్ధాలన్నీ ఒకరితో ఒకరు తలపడే వరుసలుగా మారి, మిగతా ఆటగాళ్లు చేతులు ముడుచుకుని కూర్చుంటారు. ప్రధాన దారులు వెడల్పుగా ఉంచి, ఇరుకును ఒకటి రెండు చోట్ల కావాలని పెట్టండి. రెండు దారులు కలిసే కూడలి ఎప్పుడూ నడవా కంటే పెద్దదిగా ఉండాలి.

గోడల ఎత్తు ఎంత?

నిజమైన గది ఎత్తును స్కేలుకు తగ్గిస్తే 50 మి.మీ. చుట్టూ వస్తుంది. ఫొటోకు అది బాగుంటుంది. ఆటకు ఎత్తు ఎక్కువే. మీ కన్ను బల్ల ఉపరితలానికి 50 సెం.మీ. పైన, గోడకు ఒక మీటరు దూరంలో ఉందనుకోండి. 50 మి.మీ. గోడ తన వెనుక దాదాపు 110 మి.మీ. నేలను మీకు కనపడకుండా చేస్తుంది. అదే గోడను 30 మి.మీ.కి తగ్గిస్తే దాగేది 64 మి.మీ. మాత్రమే. బొమ్మల తలలైనా కనిపిస్తాయి, చేయీ సులభంగా వెళ్తుంది.

నా సలహా 30 నుంచి 35 మి.మీ. గోడలు. అడ్డంగా కోసిన భవనంలోకి పైనుంచి చూస్తున్నామని ఆటగాళ్ల మనసు ఇట్టే ఒప్పుకుంటుంది. పూర్తి ఎత్తు కావాలనే కోరిక బలంగా ఉంటే ఆటగాళ్లు ఎవరూ కూర్చోని వైపు ఒక్క గోడను మాత్రం ఎత్తుగా కట్టండి. నాటకరంగం మీద వెనుక తెరలా అది దృశ్యానికి నిండుతనం ఇస్తుంది, ఎవరి చూపుకూ అడ్డురాదు.

గోడలు అసలు లేకుండా ఆడవచ్చా?

నిస్సందేహంగా. 1989లో వచ్చిన హీరోక్వెస్ట్ ఆటలో గదులు, నడవాలు బోర్డు మీద అచ్చు వేసిన గీతలే. తలుపులు, బల్లలు, అల్మరాలు మాత్రం నిలబెట్టే వస్తువులు. ఆ కొద్దిపాటి సామానుతోనే నేలమాళిగ కళ్లకు కట్టింది. చదునైన నేల, మంచి తలుపులు, నాలుగు రకాల సామాను ఉంటే గోడల పనిలో సగం పూర్తయినట్లే. సమయం తక్కువగా ఉన్నవారికి నేను మొదట సూచించేది ఇదే.

గోడను నేల టైల్ (నేలగా పరిచే ముక్క) మీదే అతికించాలా, విడిగా నిలబెట్టాలా?

టైల్ మీద అతికిస్తే అమర్చడం త్వరగా అవుతుంది, గోడ పడిపోదు. కానీ గోడ మందం నేలను తినేస్తుంది. 50 మి.మీ. టైల్‌పై రెండు వైపులా 10 మి.మీ. గోడ ఉంటే మిగిలేది 30 మి.మీ., అంటే 32 మి.మీ. బేస్‌కు చోటు లేదు. ఇలా చేయదలచుకుంటే టైల్‌ను ముందే గోడ మందమంత పెద్దగా కోయాలి. విడి గోడలైతే ఒకే నేలతో ఎన్నో గదులు అల్లుకోవచ్చు, అయితే చేయి తగిలినప్పుడల్లా జరుగుతాయి. గోడ అడుగున కాస్త బరువు చేర్చితే ఆ సమస్య తగ్గుతుంది. భవనాలకు విడి గోడలు, గుహలకు అతికించిన గోడలు అన్నది నాకు నచ్చిన విభజన.

గళ్లు అంగుళానికి ఒకటి గీయాలా, 25 మి.మీ.కి ఒకటా?

ఏదైనా ఫరవాలేదు, రెండూ కలపవద్దు. అంగుళం అంటే 25.4 మి.మీ. ఒక్క గడిలో తేడా తెలియదు కానీ 24 గళ్ల పొడవులో అది దాదాపు ఒక సెంటీమీటరు అవుతుంది. అప్పుడు టైళ్ల అంచులు కలవవు.

తలుపులు తెరుచుకునేలా చేయాలా?

కీలు మీద తిరిగే తలుపు చూడడానికి ముద్దుగా ఉంటుంది. 38 మి.మీ. తలుపు రెక్క తెరుచుకోవడానికి ముందు 38 మి.మీ. వ్యాసార్థంలో ఖాళీ కావాలి. బొమ్మలు సరిగ్గా అక్కడే గుమికూడతాయి. అందుకే తలుపును చిన్న దిమ్మ మీద విడి వస్తువుగా చేసి, తెరిచినప్పుడు తీసి పక్కన పెట్టడం, లేదా తెరిచిన తలుపు, మూసిన తలుపు అని రెండు రకాలు చేసుకుని మార్చడం మేలు. పక్కకు జరిగే తలుపులు భవిష్యత్ కాలపు ఆటల్లో నప్పుతాయి, చోటు కూడా అడగవు.

తలుపు ఎక్కడ పెడతారన్నది ఇంకా ముఖ్యం. ఎదురెదురు గోడల మధ్యలో రెండు తలుపులు పెడితే తుపాకీ గురి మొత్తం గదిని చీల్చుకుని పోతుంది. ఒకదాన్ని మూలకు జరపండి, గది లోపల రెండు సురక్షితమైన మూలలు పుట్టుకొస్తాయి.

మెట్లు ఎలా కట్టాలి?

నిజమైన మెట్టును స్కేలుకు తగ్గిస్తే ఎత్తు 3 మి.మీ., లోతు 5 మి.మీ. వస్తుంది. అలాంటి మెట్ల మీద ఏ బేసూ నిలవదు. ఒక్కో మెట్టు 25 మి.మీ. లోతు, 12.5 మి.మీ. ఎత్తు పెడితే 25 మి.మీ. బేస్ నిలుస్తుంది, కానీ 75 మి.మీ. అంతస్తు ఎక్కడానికి ఆరు మెట్లు, సుమారు 15 సెం.మీ. పొడవు కావాలి. అంత చోటు అన్ని భవనాల్లో ఉండదు. మధ్యేమార్గం ఏమిటంటే మెట్లు చిన్నవిగానే చెక్కి, పైనా కిందా బొమ్మ ఆగడానికి వెడల్పైన అరుగులు పెట్టడం. మెట్ల మీద ఎవరూ ఆగకూడదని ఆట మొదట్లోనే ఒప్పుకోండి.

రెండు మూడు అంతస్తుల భవనం లోపల ఆడేదెలా?

అంతస్తులను ఒకదానిపై ఒకటి ఎత్తి పెట్టేలా కట్టవచ్చు. ఆట సాగేకొద్దీ పై అంతస్తును బొమ్మలతో సహా ఎత్తడం, దించడం అలసట పుట్టిస్తుంది, ఒకసారి జారితే అన్ని స్థానాలూ పోతాయి. బల్ల మీద చోటు ఉంటే అన్ని అంతస్తులనూ పక్కపక్కనే పరచండి. మెట్ల దగ్గర ఒకే రంగు చుక్క రెండు చోట్లా పెడితే ఏది ఎక్కడ కలుస్తుందో ఎవరినీ అడగనక్కర్లేదు.

నక్షా గీసేటప్పుడు ఏం గుర్తుంచుకోవాలి?

దీనికి సమయం కేటాయించని వారే ఎక్కువ. నాకు మాత్రం మొత్తం పనిలో ఇదే ప్రాణం.

మొదట పరిమాణం. చాలా ఆటల్లో బొమ్మ ఒక వంతులో 6 అంగుళాలు, అంటే సుమారు 15 సెం.మీ. కదులుతుంది. ఆట మొత్తం ఐదారు వంతుల్లో ముగిసేదైతే 120 సెం.మీ. బల్లను ఒక చివర నుంచి మరో చివరకు దాటడానికే ఎనిమిది వంతులు కావాలి. అది తిన్నని దారి లెక్క. లోపలి దారులు వంకర తిరుగుతాయి కాబట్టి ఇంకా ఎక్కువ పడుతుంది. అందుకే మైదానానికి వాడే బల్ల నిండా సొరంగాలు పరచవద్దు. 60 నుంచి 90 సెం.మీ. చదరం చాలు.

రెండోది వలయాలు. ఏ గదికైనా రెండు దారులు ఉండాలి, లేదంటే లేకపోవడానికి ఒక కారణం ఉండాలి. ఒకే తలుపున్న గదిలో రక్షకుడు తలుపు ఎదుట నిలబడితే చాలు, దాడి చేసేవాడికి ఆలోచించడానికి ఏమీ మిగలదు. రెండో దారి దూరంగా, చుట్టుతిరుగుడుగా ఉన్నా సరే, ఆ వలయం ఉండడం వల్లే రక్షకుడు వెనక్కి తిరిగి చూసుకోవలసి వస్తుంది. కాగితం మీద నక్షా గీశాక ప్రవేశద్వారం నుంచి వేలు ఎత్తకుండా, వచ్చిన దారినే మళ్లీ పోకుండా తిరిగి అక్కడికే రాగలరేమో చూడండి. అలాంటి చుట్లు రెండైనా దొరకాలి. నిధి గదో, చెరసాలో మూసుకుపోయిన దారి చివర ఉంటే తప్పులేదు, అక్కడికి వెళ్లడం సాహసమే కావాలి కదా.

మూడోది చూపు. స్కేలును నక్షా మీద అడ్డంగా, నిలువుగా, ఐమూలగా పెట్టి అతి పొడవైన ఖాళీ గీత ఎంతో కొలవండి. తుపాకుల ఆటలో 30 సెం.మీ. దాటిన ప్రతి తిన్నని దారిలో ఒక స్తంభమో, గోడలో గూడో, కూలిన రాళ్ల కుప్పో పెట్టండి. బాణాలు, కత్తుల ఆటలో అంత పట్టింపు అక్కర్లేదు.

గుహ నక్షా, నేలమాళిగ నక్షా ఒకేలా ఉండవచ్చా?

ఉండకూడదు. నేలమాళిగను మనిషి తవ్వాడు, అందుకు అవసరం కారణం. సున్నపురాయి గుహను నీరు తవ్వింది. వాన నీరు గాలిలోని, మట్టిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని బలహీనమైన ఆమ్లంగా మారి, రాతి పగుళ్ల వెంట, పొరల మధ్య పాకుతూ రాయిని కరిగిస్తుంది. అందువల్ల గుహ దారులు పగుళ్లను అనుసరిస్తాయి. ఒకే దిశలో కొన్ని, వాటిని అడ్డంగా కోస్తూ కొన్ని. రెండు పగుళ్లు కలిసిన చోట గది పెద్దదవుతుంది. పిచ్చిగీతల్లా వంపులు గీసే బదులు ముందు కాగితంపై ఐదారు పగుళ్ల గీతలు గీసి, వాటి చుట్టూ గుహను ఉబ్బించండి. నక్షాకు ఒక నమ్మదగిన తీరు దానంతటదే వస్తుంది.

గుహల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది తాళపు రంధ్రం ఆకారపు దారి. మొదట నీటితో పూర్తిగా నిండిన గుండ్రని సొరంగం ఏర్పడుతుంది. తర్వాత నీటి మట్టం పడిపోయాక వాగు దాని నేలను ఇరుకైన లోయగా కోస్తుంది. ఆటలో ఇది వరం. నడుమ లోతైన ఇరుకు దారి, ఇరువైపులా రాతి అరుగులు, ఒక్క దెబ్బకు రెండు ఎత్తులు. 25 మి.మీ. ఫోమ్ పలకలో 50 మి.మీ. వెడల్పు గాడి కోస్తే సరి.

లావా సొరంగాలు ఇంకా సులభం. చాలావాటి నేల చదునుగా, గోడలు నునుపుగా ఉంటాయి. పైకప్పు కూలిన చోట ఆకాశం కనిపిస్తుంది, ఆటలో అదే ప్రవేశద్వారం.

పైకప్పు నుంచి వేలాడే రాతి ఊడలను ఎలా చూపించాలి?

పైకప్పే లేదు కాబట్టి కుదరదు. నేల నుంచి లేచే దిమ్మలు, పైదీ కిందదీ కలిసిన స్తంభాలు గోడను ఆనుకుని పెట్టండి. దారి నడుమ పెడితే బేస్‌లు ఒరిగిపోతాయి. గుహ నేల ఎగుడుదిగుడుగా ఉండాలనే ఉత్సాహాన్ని కూడా అదుపులో పెట్టాలి. ఎత్తుపల్లాలను 10 మి.మీ. మెట్లుగా కోసి, ప్రతి మెట్టు పైభాగాన్నీ చదును చేయండి. రాళ్లూ గుంతలూ గోడల పక్కన ఎన్నైనా ఉండనివ్వండి. గోడ లోపలి ముఖం నిట్టనిలువుగా ఉండాలి, ముందుకు వంగితే బేస్ దాని కిందికి దూరి దూరం కొలవడం కష్టమవుతుంది.

గనికి ప్రత్యేకంగా ఏం కావాలి?

చెక్క దన్నులు, పట్టాలు, బండి. రెండు నిలువు దుంగలు, పైన అడ్డదుంగ ఉన్న చట్రాన్ని నాలుగైదు అంగుళాలకు ఒకటి నిలబెడితే అది గని అని ఎవరికీ చెప్పనక్కర్లేదు. అడ్డదుంగ చేతికి అడ్డొస్తుంది కాబట్టి దాన్ని విడిగా ఎత్తగలిగేలా చేయండి. పట్టాల కోసం ఎన్ స్కేలు రైలు బొమ్మల 9 మి.మీ. పట్టా బాగా నప్పుతుంది. 1/56 లెక్కన అది సుమారు 50 సెం.మీ. వెడల్పు, నిజమైన గనుల్లో వాడిన సన్నని పట్టాలకు దగ్గర. అంతకంటే పెద్ద రైలు బొమ్మల పట్టాలు తెస్తే గనిలో ప్రయాణికుల రైలు వస్తుందేమో అనిపిస్తుంది.

భూగర్భ నగరాలకు నమూనాగా తీసుకోదగినది ఏదైనా ఉందా?

తుర్కియేలోని డెరిన్‌కుయును చూడండి. మెత్తని అగ్నిపర్వత శిలలో అంతస్తుల కొద్దీ కిందికి తొలిచిన నగరం అది. 1963లో మళ్లీ వెలుగులోకి వచ్చింది. ఒక్కొక్కరే వెళ్లగలిగే ఇరుకు దారులు, లోపలి వైపు నుంచి దొర్లించి మూసే గుండ్రని రాతి తలుపులు, అన్ని అంతస్తులకూ గాలినిచ్చే నిలువు బావులు అక్కడ ఉన్నాయి. ఆటకు ఈ మూడూ నేరుగా పనికొస్తాయి. రాతి చక్రం ఒక వైపు నుంచే తెరుచుకుంటుంది కాబట్టి రక్షకుడికి అనుకూలం. గాలి బావి దాడి చేసేవాడికి తాడు దించే దారి.

ఏ పదార్థం మంచిది?

నేలకూ గోడకూ ఎక్స్‌పీఎస్ ఫోమ్ (పాలిస్టైరీన్‌తో చేసిన గట్టి పలక). తెల్లని పూసల థర్మోకోల్ కోసినప్పుడు రాలిపోతుంది, ఎక్స్‌పీఎస్ నున్నగా తెగుతుంది, పెన్ను మొనతో నొక్కినా ఇటుక గీత నిలుస్తుంది. ఉండగా నలిపిన అల్యూమినియం రేకును దానిపై దొర్లిస్తే రాతి గరుకుతనం వస్తుంది. గుహ గోడకు మాత్రం కత్తి వాడకుండా పలకను చేత్తో విరవండి. ఏ పరికరమూ ఇవ్వలేని సహజమైన అంచు దొరుకుతుంది.

లేజర్‌తో కోసిన 3 మి.మీ. ఎండీఎఫ్ (చెక్క పీచును ఒత్తి చేసిన పలక) భవనాలకు గట్టిగా నిలుస్తుంది. దాన్ని అరగదీసేటప్పుడు ముక్కుకు మాస్కు తప్పనిసరి. వేడి తీగతో ఫోమ్ కోసేటప్పుడు కిటికీలు తెరిచి ఉంచండి, ఆ పొగ పీల్చకూడదు.

స్ప్రే పెయింట్ వేస్తే ఫోమ్ ఎందుకు కరిగిపోతుంది?

డబ్బాలోని ద్రావకాలు పాలిస్టైరీన్‌ను కరిగిస్తాయి. చాలా సూపర్ గ్లూలదీ అదే గుణం. ముందుగా తెల్ల జిగురులో నల్ల ఆక్రిలిక్ రంగు కలిపి రెండు పూతలు వేయండి. ఫోమ్ గట్టిపడుతుంది, ప్రైమర్ (రంగుకు ముందు వేసే తొలి పూత) పని కూడా అయిపోతుంది. ఆ తర్వాత కూడా నేను బ్రష్‌నే నమ్ముతాను.

చీకటి గుహ కదా, అంతా నలుపు వేయవచ్చా?

వేస్తే బొమ్మలు అందులో కలిసిపోతాయి. నేలకు మధ్యస్థమైన, వెలిసినట్టుండే రంగు వేయండి, ముదురు గోధుమో, నీలి ఛాయ ఉన్న బూడిదో. తేటైన, గాఢమైన రంగులను బొమ్మలకే వదిలిపెట్టండి. గోడల పైభాగాన్ని మాత్రం ఏ మెరుగూ లేని నలుపుతో నింపండి. పైనుంచి చూసినప్పుడు దారి ఎక్కడ, రాయి ఎక్కడ అన్నది ఒక్క చూపులో తెలుస్తుంది. ఇంత తక్కువ శ్రమతో ఇంత ఫలితమిచ్చే పని ఇంకొకటి నాకు తెలియదు.

లైట్లు పెట్టడం కష్టమా?

ఒక తెల్ల ఎల్ఈడీ, 3 వోల్టుల బటన్ సెల్, చిన్న స్విచ్ ఉంటే నెగడు వెలుగుతుంది. 9 వోల్టుల బ్యాటరీ వాడితే వరుసలో 330 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టాలి, లేకపోతే ఎల్ఈడీ కాలిపోతుంది. బటన్ సెల్‌లు, చిన్న నియోడిమియం అయస్కాంతాలు మింగితే ప్రాణాపాయం, పసిపిల్లలున్న చోట వాటిని మూత కింద స్క్రూతో బిగించండి.

టైళ్లను అయస్కాంతాలతో కలపవచ్చా?

కలపవచ్చు. అన్ని అంచుల్లో ధ్రువాలు ఒకే క్రమంలో ఉండేలా ఒక నమూనా ముక్క చేసి, ప్రతిదాన్నీ దానితో సరిచూశాకే అతికించండి. అయితే బరువైన టైళ్ల కింద గరుకు రబ్బరు పరిస్తే చాలాసార్లు అయస్కాంతాల అవసరమే రాదు.

ఆటగాళ్లు ఇంకా చూడని గదులను ఎలా దాచాలి?

గది ఆకారానికి కోసిన నల్ల అట్ట మూతలు పెట్టండి. తలుపు తెరవగానే మూత ఎత్తుతారు. గోడలన్నీ ఒకే ఎత్తులో ఉంటే మూత కదలకుండా కూర్చుంటుంది. పొట్టి గోడలకు ఇది ఇంకో లాభం.

గదిలో సామాను ఎంత ఉండాలి?

నేలలో మూడో వంతుకు మించకూడదు. ఏదీ అతికించవద్దు. అతికించని బల్ల నేడు వంటగదిలో, రేపు కాపలా గదిలో ఉంటుంది, ఎల్లుండి బోర్లా పడి అడ్డుగోడ అవుతుంది. ప్రతి గదికీ దాన్ని గుర్తుపట్టించే ఒక్క వస్తువు ఉంటే చాలు: కొలిమి, బలిపీఠం, పుస్తకాల అర. మిగతావి పీపాలు, పెట్టెలు.

3డీ ప్రింటర్ ఉంటే ఇవన్నీ చేతితో చేయాలా?

తలుపులు, సామాను, స్తంభాలు ప్రింట్ చేయండి, అవి అచ్చంగా రావాలి. విశాలమైన నేలను ఫోమ్‌తో చేయడం చాలా త్వరగా అవుతుంది. టెర్రైన్‌కు 0.2 మి.మీ. పొర, 10 నుంచి 15 శాతం లోపలి నింపుడు సరిపోతాయి. ప్రింటర్లలో వాడే పీఎల్ఏ ప్లాస్టిక్ సుమారు 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది కాబట్టి ఎండలో నిలిపిన కారులో వదిలేయకండి.

పలకలు వంగిపోతున్నాయి, ఏం చేయాలి?

ఒక వైపే రంగు పూస్తే ఆరేటప్పుడు ఆ వైపుకు లాగుతుంది. అడుగున కూడా అదే పూత వేయండి. నిలువుగా ఒరగబెట్టకుండా చదునుగా పేర్చి, పైన బరువు పెట్టండి.

మొదటిసారి ఎంత తయారు చేయాలి?

రెండు పెద్ద గదులు, మూడు చిన్న గదులు, ఆరు తిన్నని నడవా ముక్కలు, నాలుగు మలుపులు, మూడు కూడళ్లు, ఎనిమిది తలుపులు. తలుపులు ఎక్కువగా ఉన్నాయనిపించవచ్చు, అవే మొదట తక్కువ పడతాయి. రంగు వేయకముందే, ఉత్త ఫోమ్ ముక్కలతో ఒక పూర్తి ఆట ఆడి చూడండి. ఏ మలుపులో చేయి తగులుతోందో, ఏ గదిలోకి ఎవరూ వెళ్లడం లేదో అప్పుడే తెలుస్తుంది, ఆ ముక్కను కోసి మార్చడానికి కొద్ది నిమిషాలు చాలు.